పికప్ ట్రక్కుకు తక్కువ ధర రూఫ్ రాక్ బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బండి తయారుచేసిన సంస్థ అమ్మే రాక్ ధర చూసి వెనక్కి తగ్గి, బయటి తయారీదారుల చవక రాక్ తెచ్చుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతుంటారు. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్నకు కావలసిన జవాబు ఆ ప్రశ్న కిందే ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన చోటు నుంచే చదువుకోవచ్చు. చవక రాక్ అంటే పనికిరాని రాక్ అని నేను అనుకోను. ఖరీదైన రాక్ విషయంలో కర్మాగారంలోనే పూర్తయ్యే తనిఖీ, అమరిక, తుప్పు రక్షణ ఇక్కడ కొన్నవారి చేతి మీదుగా జరగాలి, అంతే. ఆ పని ఓపికగా చేసినవారికి చవక రాక్ కూడా ఏళ్ల తరబడి పనికొస్తుంది.

## కొనే ముందు

నా పికప్ టాపు మీద ఎంత బరువు వేయవచ్చు? రాక్ పెట్టె మీద 150 కిలోలు అని ఉంది, నమ్మవచ్చా?

పెట్టె మీది అంకె రాక్ బలాన్ని చెబుతుంది. మీ బండి టాపు బలం సంగతి దానికి తెలియదు. టాపు పరిమితి బండితో పాటు ఇచ్చిన యజమాని పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లలో అది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. కొన్ని పికప్‌ల పుస్తకాల్లో టాపు మీద బరువే పెట్టవద్దని రాసి ఉంటుంది. టాపు పరిమితి, రాక్ పరిమితి, అడ్డ కడ్డీల పరిమితి, ఈ మూడింటిలో ఏది తక్కువో దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

అందులోంచి రాక్ సొంత బరువు కూడా తీసేయాలి. చాలామంది మరచిపోయేది ఇదే. టాపు పరిమితి 75 కిలోలు, రాక్ బరువు 24 కిలోలు అయితే సామానుకు మిగిలేది 51 కిలోలే. పెట్టె మీద 150 అని ఉన్నా 300 అని ఉన్నా ఈ లెక్క మారదు. రాక్ బరువు ఎంతో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనవద్దని నా గట్టి అభిప్రాయం.

గతుకుల దారిలో బరువు ఎగిరెగిరి పడుతుంది కాబట్టి పరిమితి ఇంకా తగ్గుతుంది. కొన్ని రాక్ తయారీ సంస్థలు అలాంటి దారుల్లో మామూలు పరిమితిలో మూడింట రెండు వంతులకు మించవద్దని చెబుతాయి. మీ రాక్‌తో అలాంటి సూచన ఏదీ రాకపోయినా అదే పాటించండి.

టాపు మీద గుడారం వేసి ఇద్దరు పడుకుంటారు కదా, మరి 75 కిలోల పరిమితి ఏమైంది?

పుస్తకంలో ఇచ్చే అంకె సాధారణంగా బండి నడుస్తున్నప్పటిది. మలుపులు, బ్రేకులు, గుంతల వల్ల వచ్చే అదనపు బలాలను దృష్టిలో పెట్టుకుని దాన్ని తక్కువగా ఇస్తారు. బండి సమతలం మీద నిలిచి ఉన్నప్పుడు ఆ బలాలు ఉండవు కాబట్టి టాపు అంతకన్నా చాలా ఎక్కువ మోయగలదు. అయితే మడిచిన గుడారం బరువు, రాక్ బరువు కలిపి నడుస్తున్నప్పటి పరిమితిలోనే ఉండాలి. గుడారం ఒక్కటే 50 కిలోలు దాటడం మామూలే. చాలా పికప్‌ల క్యాబిన్ టాపు దానికి సరైన చోటు కాదు, వెనుక తొట్టి మీది రాక్ దానికి మేలు.

నా బండికి ఏ రకం బిగింపు సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

టాపు అంచుల వెంట చేత్తో తడిమి చూడండి. పాత తరహా బండ్లలో తలుపుల పైన అంచు పొడవునా వాన నీళ్లు పారే గాడి బయటకు పొడుచుకువచ్చి ఉంటుంది. ఆ గాడిని పట్టుకునే క్లాంపులు చవకలో దొరికే వాటిలో అన్నింటికన్నా నమ్మకమైనవి. కొత్త బండ్లలో టాపుకు రెండు పక్కలా సన్నని ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. కొన్నింటిలో దాని కింద కర్మాగారంలోనే పెట్టిన, బోల్టు దిగే మర ఉన్న రంధ్రాలు ఉంటాయి. అవి ఉంటే వాటినే వాడాలి, ఎందుకంటే వాటి కింద లోపల బలపరచిన లోహం ఉంటుంది. గాడీ లేక, రంధ్రాలూ లేకపోతే తలుపు చట్రం లోపలి అంచును కొక్కెంతో పట్టుకునే రకం మిగులుతుంది. దీన్ని తప్పనిసరిగా మీ బండి మోడల్‌కు, తయారీ సంవత్సరానికి తగినదే కొనాలి. కొక్కెం వంపు కొన్ని మిల్లీమీటర్లు తేడా వచ్చినా పట్టు ఉండదు.

"అన్ని బండ్లకూ సరిపోతుంది" అని రాసిన రాక్ కొనవచ్చా?

బయటి గాడి ఉన్న బండి అయితే కొనవచ్చు. ఆ గాడి ఆకారం చాలా బండ్లలో దాదాపు ఒకటే. మిగతా బిగింపులకు ఆ మాటను నమ్మవద్దు.

అల్యూమినియం మంచిదా, ఉక్కు మంచిదా?

టాపు పరిమితి తక్కువ కాబట్టి నా ఓటు అల్యూమినియానికే. రాక్‌లో ఆదా అయిన ప్రతి కిలో సామానుకు కలిసొస్తుంది. ఎర్ర తుప్పు కూడా పట్టదు. ఉక్కు గట్టిది, దెబ్బ తగిలితే విరగకుండా వంగుతుంది, వెల్డింగుతో బాగుచేయించుకోవడం సులభం. రోజూ పైపులు, నిచ్చెనలు ఎక్కించి దింపేవాళ్లు దాన్నే ఇష్టపడటంలో అర్థం ఉంది. అయితే చవక ఉక్కు రాక్ మీది రంగు పూత పలచగా ఉంటుంది. వెల్డింగు అతుకుల మూలల్లో, గొట్టం కోసిన చివర్లలో పూత అందని చోట్ల నుంచే తుప్పు మొదలవుతుంది.

సింగిల్ క్యాబిన్ పికప్‌కు టాపు మీద రాక్ వల్ల ప్రయోజనం ఉందా?

కొంచెమే. క్యాబిన్ పొట్టిగా ఉండటం వల్ల ముందు కడ్డీకీ వెనుక కడ్డీకీ మధ్య దూరం చాలదు. పొడవైన వస్తువు పెడితే గాలికి ముందు భాగం పైకి లేచి, వెనుక భాగం కిందికి ఒరిగి, బలమంతా రాక్‌ను టాపుకు పట్టి ఉంచే కాళ్లలో రెండింటి మీదే పడుతుంది. పొడుగు సామాను మోయాలన్నదే మీ అవసరమైతే, వెనుక తొట్టి మీద నిలబెట్టే ఎత్తయిన చట్రం కొనుక్కోండి. తొట్టి మీది చట్రం ఎలాగూ టాపుకన్నా ఎక్కువ బరువు మోస్తుంది.

## పెట్టె విప్పాక

ముందుగా ఏం చూడాలి?

నేల మీద దుప్పటి పరిచి అన్ని భాగాలూ దాని మీద పెట్టండి. జాబితా ప్రకారం నట్లు, బోల్టులు, వాషర్లు లెక్కపెట్టండి. చవక కిట్లలో ఒకటో రెండో తక్కువ రావడం, ఎడమ కాలుకు బదులు రెండు కుడి కాళ్లు రావడం జరుగుతుంది. తర్వాత ప్రతి బోల్టునూ దాని నట్టులో చేతి వేళ్లతోనే చివరిదాకా తిప్పి చూడండి. మధ్యలో పట్టేస్తే ఆ మరలో లోహపు పొట్టో, రంగు పూతో ఇరుక్కుందన్నమాట. దాన్ని ఇప్పుడే శుభ్రం చేయాలి లేదా మార్చాలి. టాపు మీదికి ఎక్కాక పానాతో బలవంతంగా తిప్పితే మర పోతుంది, అక్కడితో ఆ కాలు పనికిరాకుండా పోతుంది.

అడ్డ కడ్డీలను ఒక చివర నుంచి కన్నుపెట్టి చూస్తే వంకర ఉందో లేదో తెలిసిపోతుంది. వెల్డింగు అతుకుల మీద గోటితో గీసి చూడండి, నెర్రెలు, రంధ్రాలు ఉంటే తెలుస్తాయి. లోపం కనిపిస్తే ఫొటోలు తీసి, ఏదీ బిగించకముందే తిప్పి పంపండి. ఒకసారి బిగించాక వెనక్కి తీసుకోమని అడగడం కష్టం.

కిట్‌తో వచ్చిన బోల్టులు మార్చాలా?

బోల్టు తల మీద చూడండి. 8.8 అన్న గుర్తు ఉంటే అది మంచి బలమున్న ఉక్కు. ఎ2-70 అని ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలు. ఏ గుర్తూ లేకపోతే దాని బలం ఎంతో మీకు చెప్పేవారు లేరు. అలాంటివాటిని అదే వ్యాసం, అదే పొడవు, అదే మర ఉన్న, గుర్తు గల బోల్టులతో మార్చండి. ఈ పనికి అయ్యే ఖర్చు రాక్ ధరతో పోలిస్తే చాలా చిన్నది, వచ్చే నిశ్చింత పెద్దది. పొడవు విషయంలో మాత్రం జాగ్రత్త: కర్మాగారపు రంధ్రాల్లోకి దిగే బోల్టు పొడవెక్కువైతే లోపల అడుగున తగిలి, గట్టిగా బిగిసినట్టు అనిపిస్తుంది కానీ కాలు వదులుగానే ఉంటుంది.

ఏ పనిముట్లు కావాలి?

ఎల్ ఆకారపు కీల సెట్టు, రాచెట్, సరిపడే సాకెట్లు, కొలత టేపు, కాగితపు అంటుపట్టీ, ప్లాస్టిక్ పట్టీలు ఊడదీయడానికి గీతలు పడని ప్లాస్టిక్ పనిముట్టు, రెండు వైపులా నిలబడటానికి స్థిరమైన స్టూళ్లు. వీటన్నింటికన్నా ముఖ్యం టార్క్ రెంచ్, అంటే బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా. తలుపు గడప మీద ఒంటికాలితో నిలబడి పని చేయవద్దు, పానా జారితే నేరుగా టాపు మీద పడుతుంది.

సూచనల కాగితంలో బొమ్మలు తప్ప ఏమీ లేవు, ఎలా?

ముందు నేల మీదే రాక్ మొత్తాన్ని వదులుగా కలిపి చూడండి. ఏ ముక్క ఏ వైపుదో, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే తేలిపోతుంది. తేలిన వెంటనే ఒక్కో ముక్క మీద అంటుపట్టీ అతికించి "ముందు ఎడమ", "వెనుక కుడి" అని రాసుకోండి. అదే మోడల్ రాక్ బిగించే వీడియో దొరికితే చూడండి, కానీ అందులోని బండి తయారీ సంవత్సరం మీ బండిదేనా అని ముందు గమనించండి.

## బిగించేటప్పుడు

ఒక్కరే బిగించుకోవచ్చా?

రెండు అడ్డ కడ్డీలే అయితే బిగించుకోవచ్చు. పళ్లెంలా వెడల్పుగా ఉన్న రాక్ అయితే ఇంకొకరు లేకుండా టాపు మీదికి ఎత్తవద్దు. గాలి వీచే రోజున ఇద్దరున్నా కష్టమే.

టాపు రంగు పాడవకుండా ఏం చేయాలి?

కాళ్లు కూర్చునే చోట దుమ్ము ఒక్క రేణువు కూడా లేకుండా కడిగి తుడవాలి. రబ్బరు ప్యాడ్ కింద చిక్కుకున్న ఇసుక, బండి కదిలిన ప్రతిసారీ గరుకు కాగితంలా రంగును రుద్దుతుంది. ఏడాది తర్వాత కాలు తీసి చూస్తే లోహం బయటపడి ఉంటుంది. శుభ్రం చేశాక ఆ చోట పారదర్శకమైన రక్షణ పొర అతికిస్తే ఇంకా మంచిది. తలుపు చట్రాన్ని పట్టుకునే కొక్కేల లోపలి వైపు చవక కిట్లలో ఉట్టి లోహమే ఉంటుంది. అక్కడ కూడా పలచటి రబ్బరు గానీ రక్షణ పొర గానీ వేయండి. మందమైనది వేస్తే మాత్రం కొక్కెం పట్టు తగ్గిపోతుంది.

రాక్ వంకరగా కూర్చుంటోంది, ఎక్కడ తప్పు జరుగుతోంది?

కంటికి తిన్నగా కనిపించిందని బిగించేస్తే దాదాపు ఎప్పుడూ వంకరే వస్తుంది, ఎందుకంటే టాపు వెడల్పు ముందు నుంచి వెనక్కి ఒకేలా ఉండకపోవచ్చు. ముందు అద్దం పై అంచు నుంచి ముందు కడ్డీ వరకు ఎడమవైపు, కుడివైపు కొలిచి రెండూ సమానం చేయండి. అక్కడి నుంచి వెనుక కడ్డీకి కూడా రెండు వైపులా అదే పని. ఆ తర్వాత మూల నుంచి ఎదురు మూలకు రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానమైతే చట్రం వంకర లేకుండా ఉన్నట్టే. ఇదంతా బోల్టులు వదులుగా ఉండగానే జరగాలి. ఒక కాలును పూర్తిగా బిగించి రెండో కాలుకు వెళ్లడమే వంకరకు మూలకారణం. నాలుగు కాళ్లూ సగం సగం బిగిస్తూ, ఎదురెదురు మూలలుగా తిరుగుతూ పూర్తి చేయాలి.

రంధ్రాలు కొన్ని మిల్లీమీటర్ల తేడాతో కలవడం లేదు. రంధ్రం పెద్దది చేయనా?

అన్ని బోల్టులూ వదులు చేసి మళ్లీ ప్రయత్నించండి. ఎక్కువసార్లు తేడా అప్పటికే బిగించిన మరో బోల్టు వల్ల వస్తుంది. అప్పటికీ కలవకపోతే రాక్ ముక్కలోని రంధ్రాన్ని ఆకురాయితో ఒక వైపుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు సాగదీయవచ్చు. అరగదీసిన చోట రంగు వేసి, పైన వెడల్పాటి వాషరు పెట్టాలి. బండి వైపు రంధ్రాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దు. అంతకు మించి తేడా ఉంటే అది లోపమున్న సరుకు, తిప్పి పంపాల్సిందే.

టాపుకు రంధ్రాలు వేసి బిగిస్తే గట్టిగా ఉంటుంది కదా?

అలా అనిపిస్తుంది, నిజం వేరు. టాపు రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రేకు మధ్యలో వేసిన రివెట్ నట్టు (రేకు రంధ్రంలో నొక్కి బిగించే నట్టు) బరువుకు ఊగి ఊగి రంధ్రాన్ని పెద్దది చేస్తుంది, నీళ్లు దిగుతాయి, కోసిన అంచుకు తుప్పు పడుతుంది. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. చాలా బండ్లలో టాపు రెండు అంచుల వెంట లోపలి గుడ్డ వెనుక, ప్రమాదంలో కిటికీల మీద తెరలా విచ్చుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులు, వాటి తీగలు ఉంటాయి. డ్రిల్లు వాటిని తాకడం ప్రాణాంతకం కావచ్చు. పైగా అలా వేసిన రంధ్రం వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు. రంధ్రాలు వేయకుండా బిగించే మార్గం మీ బండికి లేకపోతే టాపు రాక్ ఆలోచనే మానుకుని తొట్టి రాక్ వైపు చూడటం తెలివైన పని.

కర్మాగారపు రంధ్రాల్లో బోల్టు వేసేటప్పుడు ఏ సీలెంట్ వాడాలి?

వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. అది ఆరేటప్పుడు విడుదలయ్యే ఆమ్లం ఉట్టి లోహాన్ని తినేస్తుంది. అలాంటి ఆమ్లం విడుదల చేయని న్యూట్రల్ రకం సిలికాన్ గానీ, బండ్ల అతుకులకు వాడే పాలీయురెథేన్ సీలెంట్ గానీ తీసుకోండి. రంధ్రం చుట్టూ వలయంలా పలచగా వేసి, రబ్బరు వాషరు పెట్టి బిగించండి. చుట్టూ సన్నగా, సమానంగా బయటకు ఉబికితే సరిపోయినట్టు. ఆరే వరకు నీళ్లు తగలనివ్వద్దు.

బోల్టు ఎంత బిగించాలి? టార్క్ రెంచ్ లేదు.

కిట్‌లో బిగింపు బలం (టార్క్) అంకెను న్యూటన్ మీటర్లలో ఇస్తే అదే ప్రమాణం. క్లాంపులకు చాలా తయారీదారులు చిన్న అంకెలే ఇస్తారు. 8.8 గుర్తున్న 6 మిల్లీమీటర్ల బోల్టు ఉక్కులో బిగిసినప్పుడు సుమారు 10 న్యూటన్ మీటర్లు, 8 మిల్లీమీటర్లది సుమారు 25 న్యూటన్ మీటర్లు తట్టుకుంటుంది. అల్యూమినియం గాడిలో జారే నట్లు, రేకులో దిగిన నట్లు అంత తట్టుకోవు. వాటికి ఈ అంకెలు వాడవద్దు.

రెంచ్ లేనివారికి ఒక ఉపాయం ఉంది. సామాను తూచే కొక్కెం త్రాసు తీసుకోండి. బోల్టు మధ్య నుంచి సరిగ్గా 20 సెంటీమీటర్ల దూరంలో పానాకు దాన్ని తగిలించి, పానాకు లంబంగా లాగండి. త్రాసు 5 కిలోలు చూపినప్పుడు బోల్టు మీద పడేది దాదాపు 10 న్యూటన్ మీటర్లు. ఒకసారి ఇలా చేసి చూస్తే, ఇంతకాలం చేతి అంచనాతో ఎంత ఎక్కువ బిగిస్తున్నారో అర్థమవుతుంది. పొడవాటి పానా పట్టుకున్న చెయ్యి 6 మిల్లీమీటర్ల బోల్టును సులభంగా తెంపేయగలదు.

మరకు థ్రెడ్ లాకర్ వేయాలా, గ్రీజు వేయాలా?

ఒక బోల్టుకు ఏదో ఒకటే. ఊగే చోట ఉన్న మామూలు నట్టుబోల్టులకు నీలం రంగు, మధ్యస్థ బలం ఉన్న థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టి ఉంచే జిగురు ద్రవం) ఒక చుక్క చాలు. చేతి పనిముట్లతోనే తర్వాత విప్పవచ్చు. లోపల నైలాన్ వలయం ఉన్న నట్టుకు అది అవసరం లేదు. ప్లాస్టిక్ భాగాల మీద పడనివ్వవద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అది నెర్రెలు తీయిస్తుంది.

స్టెయిన్‌లెస్ బోల్టు స్టెయిన్‌లెస్ నట్టులో వేగంగా తిరిగితే మరలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టేస్తాయి. అక్కడ యాంటీ సీజ్ పేస్టు రాసి నెమ్మదిగా తిప్పాలి. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంలోకి దిగే చోట కూడా ఆ పేస్టు తడిని అడ్డుకుని, రెండు లోహాల మధ్య తినివేతను తగ్గిస్తుంది. పేస్టు రాసిన మరకు రాపిడి తక్కువ కాబట్టి, పొడి మరకు ఇచ్చిన టార్క్ అంకెకన్నా తగ్గించి బిగించండి.

## మొదటి ప్రయాణం

బిగించాక ఈల వేసినట్టు శబ్దం వస్తోంది, ఏం చేయాలి?

మొదట కడ్డీల మీది గాడులు చూడండి. సామాను బిగించుకోవడానికి ఇచ్చిన ఆ గాడి తెరిచి ఉంటే గాలి దాని మీదుగా పోతూ ఈల వేస్తుంది. కిట్‌తో వచ్చిన రబ్బరు పట్టీని కత్తిరించి గాడి పొడవునా నొక్కండి. కడ్డీ చివరి మూతలు ఊడిపోయినా ఇదే శబ్దం వస్తుంది.

గుండ్రటి కడ్డీ నుంచి వచ్చేది ఈల కాదు, ఒకే స్థాయిలో సాగే హోరు. గాలి కడ్డీ వెనుక వరుసగా సుడులు తిరగడం దీనికి కారణం. ఒక లావుపాటి తాడును కడ్డీ చుట్టూ ఎడం ఎడంగా మెలికలు తిప్పి కడితే ఆ సుడుల వరుస చెదిరి హోరు బాగా తగ్గుతుంది. ఎత్తయిన పొగగొట్టాల పైభాగాన చుట్టూ మెలి తిరిగిన రెక్కలు కనిపిస్తాయి, అవి చేసేదీ ఇదే పని. పళ్లెం రాక్ అయితే ముందు వైపు వంపుగా వాలిన గాలి పలక ఒకటి బిగించుకోవడం మంచి మార్గం. దాని కింది అంచు టాపుకు దగ్గరగా ఉండాలి, తగలకూడదు.

మైలేజీ ఎంత తగ్గుతుంది?

రాక్ ఆకారం మీద, వేగం మీద ఆధారపడుతుంది. ఖాళీ రాక్ కూడా గాలికి అడ్డమే. టాపు మీద పెద్ద, మొద్దు ఆకారపు సామాను పెట్టె ఉంటే మైలేజీ నగరంలో సుమారు 2 నుంచి 8 శాతం, హైవే మీద 6 నుంచి 17 శాతం, గంటకు 105 నుంచి 120 కిలోమీటర్ల వేగంలో 10 నుంచి 25 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ వాహన సమాచారం చెబుతోంది. వట్టి రాక్‌తో నష్టం ఇంతకన్నా తక్కువే ఉంటుంది. వేగం తగ్గించడమే అన్నింటికన్నా చవకైన పరిష్కారం.

మొదటిసారి మళ్లీ ఎప్పుడు బిగించి చూడాలి?

50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, ఇంకో వంద రెండు వందలు తిరిగాక మరోసారి. కొత్త రబ్బరు ప్యాడ్లు బరువుకు కొద్దిగా అణుగుతాయి, దాంతో క్లాంపులు వదులవుతాయి. ఇది లోపం కాదు, ఖరీదైన రాక్‌లలోనూ జరుగుతుంది. ఆ తర్వాత ప్రతి దూర ప్రయాణానికి ముందు చూడండి. బిగింపు పూర్తయిన రోజునే ప్రతి బోల్టు తల మీద నుంచి పక్క లోహం మీదికి మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత రెండు ముక్కలై కనిపించిందంటే ఆ బోల్టు తిరిగిందన్నమాట. పానా పట్టుకోకుండానే నాలుగు కాళ్లనూ క్షణాల్లో చూసుకోవచ్చు.

## సామాను కట్టేటప్పుడు

నిచ్చెనను ముందు క్యాబిన్ రాక్ మీద, వెనుక తొట్టి రాక్ మీద ఆనించి రెండు చోట్లా బిగించవచ్చా?

ఆనించవచ్చు, రెండు చోట్లా బిగదీయకూడదు. పికప్ విషయంలో నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పాలనుకునేది ఇదే. చాలా పికప్‌లలో క్యాబిన్, తొట్టి రెండూ వేర్వేరు ముక్కలు. రెండూ కింద ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద విడివిడిగా కూర్చుంటాయి, క్యాబిన్ కింద రబ్బరు దిమ్మలు ఉంటాయి. ఒక చక్రం గుంతలో దిగినప్పుడు ఛాసిస్ మెలిపడుతుంది, క్యాబిన్ ఒక వైపు, తొట్టి మరో వైపు కదులుతాయి. తలుపు వెనుక క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఖాళీ వదిలింది అందుకే. ఒకరు నెమ్మదిగా గుంత దాటిస్తుండగా పక్కన నిలబడి ఆ ఖాళీని చూడండి, పైన వెడల్పై మళ్లీ దగ్గరవడం కంటికే కనిపిస్తుంది.

ఆ రెండింటినీ పైన ఒక గట్టి వస్తువుతో కలిపి బిగిస్తే ఆ కదలికంతా రాక్ కాళ్ల మీద పడుతుంది. క్లాంపు జారుతుంది, టాపు అంచు సొట్టపోతుంది, లేదా నిచ్చెనే వంగుతుంది. కాబట్టి పొడవైన వస్తువును ఒక రాక్‌కు గట్టిగా కట్టండి. రెండో రాక్ మీద అది పక్కకు పోకుండా, పైకి లేవకుండా, ముందుకు వెనక్కు మాత్రం కొద్దిగా జారేలా పట్టీ వేయండి. ఆనే చోట రబ్బరు వేస్తే చప్పుడు రాదు. గట్టిగా కట్టేది వెనుక తొట్టి రాక్‌కు అయితే మేలు, దాని బలం ఎక్కువ. ఇదే కారణం వల్ల రెండు రాక్‌లనూ కలుపుతూ ఇనుప గొట్టాలు వెల్డింగు చేయించవద్దు.

రాచెట్ పట్టీ మంచిదా, మామూలు బకిల్ పట్టీ మంచిదా?

చవక రాక్ మీద బకిల్ పట్టీలే మంచివి. రాచెట్ పిడితో తెలియకుండానే ఎంతో బలం వచ్చి, పలచటి కడ్డీ వంగిపోతుంది. బరువైన, గట్టి వస్తువుకు రాచెట్ తప్పనిసరి అనుకుంటే ఒకటి రెండు నొక్కుల దగ్గర ఆపండి. పట్టీని చదునుగా లాగితే గాలికి కొట్టుకుని బుర్రుమని మోగుతుంది. మధ్యలో ఒక మెలిక వేస్తే ఆ మోత ఉండదు. వేలాడే చివరలను ముడి వేసి లోపలికి దోపండి.

ప్లైవుడ్ షీట్లు, పరుపులు టాపు మీద వేసుకుని హైవే మీద వెళ్లవచ్చా?

బరువు తక్కువే అయినా ఇవే ఎక్కువ ప్రమాదకరం. గాలి నెట్టుడు వేగం వర్గంతో పెరుగుతుంది: గంటకు 80 నుంచి 120 కిలోమీటర్లకు వెళితే అది 2.25 రెట్లు అవుతుంది. 100 కిలోమీటర్ల వేగంలో, గాలికి ఎదురుగా నిలిచిన ఒక చదరపు మీటరు పలక మీద సుమారు 50 కిలోల బరువుకు సమానమైన బలం పడుతుంది. షీటు ముందు అంచు కొద్దిగా లేచినా చాలు, గాలి కిందికి దూరి కాళ్లను టాపు నుంచి పైకి పెరుకుతుంది. రాక్ కాళ్లు కిందికి పడే బరువును మోసినంత బాగా పైకి లాగే బలాన్ని తట్టుకోవు. అలాంటివాటిని తొట్టిలో వేయండి. తప్పకపోతే ముందు అంచును బంపర్ కింది కొక్కేలకు రెండు పట్టీలతో కట్టి, తక్కువ వేగంతో, హైవే కాని దారిలో వెళ్లండి.

సామాను బయటకు పొడుచుకువస్తే?

ఎంత వరకు అనుమతి అన్నది మీ ప్రాంతపు రవాణా నిబంధనలు చెబుతాయి, బయలుదేరే ముందు తెలుసుకోండి. ఎక్కడైనా సరే, క్యాబిన్ వెనుక పైభాగంలో ఉండే బ్రేకు లైటు సామానుకు మరుగున పడకూడదు.

## తర్వాత సంరక్షణ

వాన పడితే క్యాబిన్ లోపల తడి వస్తోంది. రాక్ వల్లేనా?

రాక్ బిగించాకే మొదలైతే అలాగే అనుమానించాలి. పైపుతో సన్నటి ధారగా, ఒత్తిడి లేకుండా నీళ్లు వదిలి చూడండి. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో కాలు దగ్గర కొన్ని నిమిషాలు ఆగాలి, లోపల ఇంకొకరు చూస్తుండాలి. పై నుంచి ఒకేసారి కుమ్మరిస్తే ఎక్కడ నుంచి దిగిందో తెలియదు. తలుపు చట్రం పట్టుకునే కొక్కెం అయితే తలుపు రబ్బరు దాని దగ్గర నలిగి ఉంటుంది, కొక్కేన్ని కొద్దిగా జరిపి రబ్బరు సర్దితే సరిపోవచ్చు. మరల రంధ్రం దగ్గర అయితే బోల్టు తీసి, పాత సీలెంట్ పూర్తిగా గీకి, కొత్తది వేయాలి. పాతదాని మీదే పూస్తే నిలవదు.

తుప్పు కనిపిస్తే రాక్ పనైపోయినట్టేనా?

పైపైన కనిపించే తుప్పుకు భయపడనక్కర్లేదు. తీగ బ్రష్‌తో గీకి, ప్రైమర్ వేసి, రెండు పూతల రంగు వేయండి. గొట్టాల చివరి మూతలు తీసి లోపల నీళ్లు నిలిచాయేమో చూడటం ముఖ్యం, చాలా ఉక్కు రాక్‌లు లోపలి నుంచే పాడవుతాయి. అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రం లేకపోతే ఒకటి వేసి దాని అంచుకు రంగు పూయండి. వెల్డింగు అతుకు మీద నెర్రె కనిపించినా, కాలు దగ్గర లోహం పొరలుగా ఊడుతున్నా ఆ రాక్ మీద ఇక బరువు పెట్టవద్దు.

వాడనప్పుడు తీసేయాలా?

వారాల తరబడి అవసరం లేకపోతే తీసేయడమే మంచిది. ఇంధనం మిగులుతుంది, శబ్దం పోతుంది, కాళ్ల కింద పేరుకున్న మట్టి కడగడానికి అవకాశం వస్తుంది. తీయడం కుదరకపోతే ఏడాదికి ఒకసారైనా విప్పి, ప్యాడ్లు కడిగి, మరలు శుభ్రం చేసి మళ్లీ బిగించండి. బ్రష్‌లు తిరిగే యంత్రపు వాషింగ్‌కు రాక్ ఉన్న బండిని పంపవద్దు, బ్రష్ పోగులు కడ్డీలకు చుట్టుకుంటాయి.

బండి ఎత్తు ఎంత పెరిగిందో ఎలా గుర్తుంచుకోవాలి?

సామాను లేకుండా ఒకసారి, మీరు తరచూ మోసే సామానుతో ఒకసారి నేల నుంచి పై అంచు వరకు కొలిచి, ఆ రెండు అంకెలూ ఒక కాగితం మీద రాసి ఎదుటి సన్ వైజర్‌కు అతికించండి. పార్కింగ్ ప్రవేశం దగ్గర ఎత్తు బోర్డు కనిపించినప్పుడు చూసుకోవడానికి అదే చోటు.